మచ్చ కంట్లోదా, కెమెరాలోదా

మాదాపూర్ బండల మీద మా గుడారం దగ్గర జీపు దిగేసరికి పొద్దున్నే ఎండ మాడుస్తోంది పిల్లలూ. తొంభైల చివర్లో ఒక వేసవి. అవతల గుండ్రటి ఆఫీసు భవనం కడుతున్నారు. ఇవతల మా ఇంజనీరు జవాన్లు బండలు పేల్చడం నేర్చుకుంటున్నారు. నేను సైన్యంలో నర్సును, ఆఫీసరు హోదా. నాకిచ్చిన సామాను మందుల పెట్టె, కంప్యూటరు, ఫోను, ఒక డిజిటల్ కెమెరా. ఎవరి కంటికైనా రాయి తగిలితే దగ్గరి లెన్సు బిగించి ఫోటో తీసి, నగరంలో ఉన్న మా కంటి డాక్టరుకు పంపాలి. ఉన్నది ఒక్క జీపే. ఆయన చెబితేనే అది కదలాలి.

లెన్సు మార్చినప్పుడల్లా కెమెరా లోపలికి దుమ్ము పోయేది. లోపల ఫిల్ముకు బదులు సెన్సరు అనే చిన్న పలక ఉంటుంది. దాని మీద నలుసు పడితే ప్రతి ఫోటోలోనూ అదే చోట నల్లమచ్చ వస్తుంది. కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బుడ్డితో గాలి కొట్టేదాన్ని. నోటితో ఊదితే తుంపర పడుతుంది. తర్వాత తెల్ల దుప్పటిని ఫోటో తీసి, మచ్చ లేదంటే సరే అనుకునేదాన్ని. ఇంకో పేలుడు అయ్యేసరికి పని మళ్లీ మొదటికి.

మొదటి వారంలోనే కంట్లో నలుసుందని మా వంటవాణ్ణి అనవసరంగా నగరానికి పంపాం. మచ్చ కెమెరాది. వాడు తిరిగొచ్చి, "మీ దుమ్ముకు దండం మేడం, ఇరానీ చాయ్ తాగొచ్చిన" అన్నాడు. అప్పటినుంచి డాక్టరు దుప్పటి ఫోటో కూడా అడిగేవారు.

ఒకరోజు బండకు రంధ్రాలు వేసే ఒక నాయక్ హోదా జవానును పట్టుకొచ్చారు. కన్నంతా నెత్తురు. టార్చి వేస్తే ఏమీ కనపడలేదు. ఫోటోలో మాత్రం నల్లచుక్క ఉంది.

"కంట్లోదా, కెమెరాలోదా సిస్టర్?" అని ఫోనులో డాక్టరు అడిగారు.

దుప్పటి ఫోటో తీస్తే దాని నిండా మచ్చలే. గాలి కొట్టాను. రెండు పోలేదు. మళ్లీ కొట్టాను. అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒక్క కన్నుతోని ఫౌజుల ఉంచుతరా మేడం?"

"తల కదపకు నాయనా" అన్నాను.

దుప్పటి తెల్లగా వచ్చింది. కంటి ఫోటో మళ్లీ తీశాను. చుక్క అక్కడే ఉంది. ఫోటోలు నెమ్మదిగా వెళ్లాయి. డాక్టరు వెంటనే పంపించమన్నారు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుంది కాబట్టి రెండింటికీ కట్టు కట్టమన్నారు. కట్టాను.

కన్ను దక్కలేదు. ముందే పంపినా దక్కేది కాదని డాక్టరు తర్వాత చెప్పారు. సరేనన్నాను. అతన్ని ఫౌజులో ఉంచలేదు.

శిబిరం ఎత్తేశాక చందానగర్‌లో మన ఇంటికొచ్చాను. మీ అమ్మ అన్నం పెట్టింది, తిన్నాను. ఎలా ఉందని అడిగితే ఎండ ఎక్కువన్నాను.

ఆ రోజు నగరానికి జీపు కదలబోయే ముందు ఆ నాయక్ సెల్యూట్ చేశాడు. కళ్లకు కట్టు ఉంది కదా, నేనెక్కడున్నానో తెలియక ఎవరూ లేని వైపు చేశాడు. చెయ్యి దించలేదు. నేను జీపు చుట్టూ తిరిగి, ఆ చేతికి ఎదురుగా నిలబడి, తిరిగి సెల్యూట్ చేశాను.