స్టీలు డబ్బాలో ఇత్తడి ఏనుగు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. ఒక పెద్దాయన కారు తాళంచెవి జేబులో వేసుకుని, ఆ దొంగను పట్టిస్తానని ఆయనకే మాటిచ్చాను. ఇంతకన్నా ఘోరం ఉంటుందా అంటారా? ఉంది, వినండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణంలో నేనూ యాదగిరీ పనిచేసేవాళ్లం. ఇద్దరిదీ నల్లగొండ జిల్లానే. చొక్కాకు గుండీ ఊడినా పట్టించుకునేవాళ్లం కాదు గానీ 'జై తెలంగాణ' బ్యాడ్జి లేకుండా గడప దాటేవాళ్లం కాదు. అప్పుడే నాకు జియోక్యాషింగ్ పిచ్చి పట్టింది. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు ఇంటర్నెట్‌లో పెడతారు. మనం ఫోన్ చూసుకుంటూ వెళ్లి వెతకాలి. అందులోంచి ఒక వస్తువు తీసుకుంటే మనదొకటి పెట్టాలి. అదీ ఆట.

సోమవారం బంద్. అందుకని ఆదివారమే బండి మీద తుర్కయంజాల్ దాటి, సాగర్ రోడ్డులో చాలాదూరం పోయి, అడవిలో కాలిబాట పట్టి ఒక జలపాతం చేరుకున్నాం. దాని అందం గురించి నన్నడక్కండి. నేను ఫోన్ తప్ప ఏమీ చూడలేదు.

"ఇంకెంత దూరంరా?" అన్నాడు యాదగిరి.

"గీ బండల నడుమనే ఉండాలె."

"అయితే నువ్వే పో. నేను జర కాళ్లు తడుపుకుంట."

ఒక రాయి ఎత్తగానే స్టీలు డబ్బా! మూత తీస్తే ఇత్తడి ఏనుగు, దానికి వేలాడుతూ ఒక తాళంచెవి. ఇంకెవరైనా అయితే 'అయ్యో, ఎవరిదో' అనుకునేవాళ్లు. నేను మాత్రం 'నిధి దాచిన రెండో పెట్టె తాళం!' అనుకున్నాను. బ్యాడ్జి తీసి డబ్బాలో పెట్టి, ఏనుగును జేబులో వేసుకున్నాను. నిధి దొరికేదాకా యాదగిరికి చెప్పొద్దనుకుని పొదలన్నీ దులిపాను. ముళ్లు మాత్రం దండిగా దొరికాయి.

తిరిగొస్తుంటే ఒక కారు పక్కన తడిబట్టలతో భార్యాభర్తలు. ఎల్‌బీ నగర్‌లో ఉంటున్న గుంటూరువాళ్లు. పెద్దాయన పేరు సుబ్బారావు గారు.

"తాళం ఎవడో ఎత్తుకుపోయాడు బాబూ," అందావిడ. "ఈయనకి షుగరు. సూదిమందూ అన్నమూ కార్లోనే ఉన్నాయి. వేళ దాటిపోతోంది."

"వాని చేతులిరుగ!" అన్నాను నేను. "పరేషాన్ కాకుండ్రి అమ్మా. వాణ్ణి నేను పట్టిస్త." నా జేబులోది నిధి తాళం, వాళ్లది కారు తాళం. రెండూ ఒకటేనని నా బుర్రకు తట్టలేదు.

సుబ్బారావు గారు గుప్పిట విప్పారు. "స్నానానికి దిగుతూ కోతుల భయానికి తాళం మా స్టీలు డబ్బాలో పెట్టి రాయి కింద దాచాం. అది తీసుకుని ఇది పెట్టిపోయాడు. రాష్ట్రమే అడుగుతున్నారనుకున్నాను, కార్లు కూడానా?"

అరచేతిలో నా బ్యాడ్జి!

యాదగిరి భగ్గుమన్నాడు. "గట్లనుడేంది పెద్దాయనా? మా ఉద్యమం తాళాలెత్తుకపోతదా? నువ్వేందిరా బెల్లం కొట్టిన రాయి లెక్క నిలవడ్డవ్, చెప్పరాదు!" అంటూ నావైపు తిరిగాడు. అతని చూపు నా చొక్కా మీద ఆగింది. రోజూ బ్యాడ్జి ఉండే చోట పిన్నుసూది బొక్కలు కనిపించాయి. పాపం, తన బ్యాడ్జిని చేత్తో కప్పుకున్నాడు.

పెద్దాయన కారుకు ఆనుకుని కింద కూర్చున్నారు. కోపమో ఆకలో తెలియదు. ఇక నేను ఆగలేకపోయాను. ఏనుగును బయటికి తీసి, ఆట సంగతంతా చెప్పాను.

కారు తలుపు 'టక్' మంది. అంత తియ్యటి చప్పుడు నేను మళ్లీ వినలేదు. సూది పడింది, అన్నం లోపలికి పోయింది, ఆయన కుదుటపడ్డారు. నా ప్రాణమూ కుదుటపడింది. ఆవిడ మాకు కూడా పులిహోర పెట్టి, "ముందు తినండి. తిట్లు తర్వాత," అంది. తర్వాత ఆ మాట కూడా నిలబెట్టుకుంది. చివరికి, "రేపు బంద్, ఇంట్లో కూరగాయలు లేవు," అని నిట్టూర్చింది.

అడ్రసు అడిగి తీసుకుని, మర్నాడు పొద్దున్నే బంద్ మొదలయ్యేలోపు కొత్తపేట రైతుబజార్లో కూరగాయలు కొని, బంద్‌లో బండి తీయడానికి లేక నేనూ యాదగిరీ ఎల్‌బీ నగర్ దాకా సంచులు మోసుకుంటూ నడిచాం.

"బంద్ చేసేదీ మీరే, నడిచేదీ మీరే!" అంటూ తలుపు తీశారు సుబ్బారావు గారు. ఆయన చొక్కాకు నా బ్యాడ్జి!

"ఏంటలా చూస్తావ్? నువ్వు పెట్టావు, నేను తీసుకున్నాను. మీ ఆట రూలేగా! మరి నేనూ ఒకటి పెట్టాలి కదా." నా చేతిలో ఇత్తడి ఏనుగు పెట్టారు. "తాళం తీసేశాన్లే."

ఆ ఏనుగు సాక్షిగా చెబుతున్నాను. రాయి కింద ఏ డబ్బా కనిపించినా ఇక మూత ముట్టను. ఇంట్లో అన్నం గిన్నె మూత కూడా, ఎవరిదో కనుక్కున్నాకే తీస్తున్నాను.