ముక్కుకు ఆరని రంగు

మీనరూపుడైన శ్రీహరికి ప్రణమిల్లి, ఈ యేటి కార్తిక బహుళ దశమినాటి సంగతి వ్రాస్తున్నాను. మంచం పట్టిన నా భార్యకు అయిదు చేపలున్న గాజుతొట్టె ఒక్కటే కాలక్షేపము. దానిపై లైట్లు అమర్చుటకు టేకుమూత చేసిన కర్నూలు వడ్రంగి, లోపల చెమ్మ పట్టకుండ తెల్లరంగు పూసినాడు. ఆరినది కదా, పెట్టుమన్నాను.

"కంటికి ఆరినాది స్వామీ, ముక్కుకు ఆరల్యా. ఈ గాలికి చేపలు సస్తాయి," అని అలవాటుగా మూతలో తల దూర్చి, బయటికి తీసి నవ్వినాడు. "పాలిష్ పని నా ముక్కును తినేసినాది. అమ్మా, నువ్వు చూడు."

రెండేండ్లుగా, మందు వేసికొన్నావా అని తప్ప, ఆమెను ఎవ్వరూ ఏమీ అడుగలేదు. ఆమె తల ఎత్తి వాసన చూచి, "ఇంకా ఉండాదప్పా," అన్నది. అతడు మూత తీసికొనిపోయినాడు. ప్రతిదినము తెచ్చి ఆమె ముందే పట్టేవాడు.

మార్గశిర శుద్ధ విదియనాడు ఆమె "వాసన ల్యా" అన్నది. ఆనాడే మూత పెట్టినాము. నేడు ఫాల్గున శుద్ధ పంచమి. అయిదు చేపలూ ఉన్నవి.