సీడీకి పెట్టిన బొట్లు

నాకు చదువు అంతగా రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత రాస్తోంది. మా ఆయన పోయాక మండపేటలో రైసు మిల్లు పనికి వెళ్తూ దాన్ని చదివించాను. అది టీచరు పరీక్షకి కూర్చున్న ఏడాది, తనతో పాటే పరీక్ష రాస్తున్న పద్మ ఒక సీడీ ఇచ్చింది.

"పుస్తకాలన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. రేపు ప్రింట్లు తీయించుకుని ఇచ్చేయాలి" అంది సుజాత.

ఆ రోజు సరస్వతీ పూజ. మిగతా పుస్తకాలతో పాటు దానికీ, ఆ మెరిసే వైపు, పసుపూ కుంకుమా తడిపి బొట్లు పెట్టాను.

మర్నాడు ఇద్దరం కంప్యూటర్ సెంటర్‌కి వెళ్తే, అది గరగరమందే గానీ తెరుచుకోలేదు. సుజాత తీసి చూసింది.

"బొట్లేంటమ్మా! ఇప్పుడు పద్మకేం చెప్పను? నేనేం చదవను?"

"పుస్తకమన్నావు కదే!"

గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను. సుజాత తడిగుడ్డతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టింది. ఎంతకోగానీ అక్షరాలు రాలేదు. వచ్చేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

సాయంత్రం నేనే వెళ్లి సీడీ ఇచ్చి, పద్మకి జరిగింది చెప్పాను. పడీపడీ నవ్వింది.

"అయితే నేనూ పాసైపోతానండి పిన్నిగారూ! నేను దీనికి ఒక్క దణ్ణమైనా పెట్టలేదు, మీరు పూజే చేసేశారుగా."

ఇద్దరూ పాసయ్యారు. అయినా అరువు తెచ్చిన పుస్తకం ఇంట్లో ఉంటే, అది ఏ రూపంలో ఉన్నా, తిరిగి ఇచ్చేదాకా నాకు కుదురుండదు.