డీజిల్ తినే పురుగులకు సన్మానం

తర్లగూడకు ఇవతల ఒక చిన్న ఊరి బడిలో నేను పంతులమ్మను. రోడ్డు వేసేవాళ్లు మా బడి వెనక స్థలంలో రెండు ఎండాకాలాలు క్యాంపు పెట్టుకున్నారు. రోడ్డు బాగానే వేశారు. వెళ్లేటప్పుడు డీజిల్ డ్రమ్ములన్నీ లెక్కగా లారీ ఎక్కించుకున్నారు. వాటిలోంచి కారినదంతా మాకు వదిలేశారు. ఆ నేల నల్లగా గట్టిపడి గడ్డి కూడా మొలవలేదు. మరుసటి వానాకాలానికి బడి బోరింగ్ కొడితే నీళ్లతో పాటు లారీ వాసన వచ్చింది. ఆ నీళ్లతో వండిన అన్నం పిల్లలు ముట్టలేదు.

మా ఊరు సరిహద్దుకు హిందీ రాష్ట్రం వైపు ఉంది కాబట్టి నేను హిందీలో అర్జీ రాశాను. విచారణకు వచ్చిన అధికారి నీళ్ల గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తనకు వాసనేమీ రావడం లేదన్నారు. ఆయనకు గట్టిగా జలుబు చేసి ఉంది. వాసన లేదని కాగితం మీద రాసుకున్నారు గానీ జలుబు సంగతి రాయలేదు. రెండో అర్జీకి బోరింగ్‌కు ఎర్ర రంగు పూసి తాగవద్దన్నారు. అప్పటినుంచి మేము వాగు అవతలి గూడెం నుంచి నీళ్లు మోసుకుంటున్నాం. మూడో అర్జీ ఎక్కడెక్కడ తిరిగిందో, ఏదో కాలేజీ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. చిన్న వయసు పిల్ల. మన్నూ నీళ్లూ సీసాల్లో పట్టుకువెళ్లి, నెల తిరక్కుండా నల్ల డబ్బాలతో మళ్లీ దిగింది. ఆ డబ్బాల్లో డీజిల్‌ను తినే సూక్ష్మజీవులున్నాయట.

ఆమె హిందీలో చెప్పిన మాటలు ఊరివాళ్లకు విప్పి చెప్పడం నా పని అయింది. కంటికి కనపడని పురుగులు అన్నాను. బడిలో వంట చేసే దొర్ల తెగ అవ్వ వెంటనే పట్టుకుంది.

“ఏంది పంతులమ్మా, నీళ్లల్ల పురుగులుంటయి, కాగబెట్టి తాగుండ్రి అని నువ్వే చెప్తివి. ఇయ్యాల పురుగులే నీళ్లు బాగుజేస్తయంటవేంది?”

ఇవి వేరే రకమని చెప్పాను. డీజిల్ అయిపోయాక ఏం తింటాయని అడిగింది. శాస్త్రవేత్తను అడిగి, తిండి లేక చాలావరకు చచ్చిపోతాయని చెప్పాను.

“పని జేయించుకోని పస్తులుంచుతరన్నట్టు,” అంది అవ్వ. రోడ్డు పనికి వెళ్లివచ్చిన ఆడవాళ్లు గట్టిగా నవ్వారు.

శాస్త్రవేత్త నేల దున్నించి డబ్బాలన్నీ పోసింది. ఒక్కటి మాత్రం ప్రారంభోత్సవానికి ఉంచమని పైనుంచి మాట వచ్చింది. పెద్ద సార్ వస్తున్నారంటే ఊరంతా శుభ్రంగా ఉండాలి కదా. ముందు రోజు సాయంత్రం పంచాయతీ మనుషులు దారికి అటూ ఇటూ బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఇంకా బస్తాలు మిగిలితే, నల్లగా అసహ్యంగా కనిపిస్తోందని దున్నిన నేలంతా తెల్లగా కప్పేశారు.

పొద్దున్నే వచ్చి చూసి ఆ పిల్ల వేదిక మెట్టు మీద కూలబడింది. పెద్ద సార్ రిబ్బన్ కత్తిరించి, చివరి డబ్బాను ఆ తెల్లటి నేల మీద వంచారు. ఈ జీవులు దేశం కోసం రేయింబవళ్లు శ్రమిస్తాయన్నారు. నేను మైకులో దాన్ని తెలుగు చేశాను. చప్పట్లు కొట్టారు. పక్కన ఆ పిల్ల మెల్లగా, మొన్న పోసినవి నిన్ననే చచ్చుంటాయి, ఇవి ఇప్పుడు చస్తున్నాయి అంది. దాన్ని నేను తెలుగు చేయలేదు.

జీపులు వెళ్లిపోయాక అసలు సంగతి చెప్పింది. పౌడర్ పైపైనే ఉంది. లోపలి మట్టిలో డీజిల్‌కు అలవాటుపడిన సూక్ష్మజీవులు ముందునుంచే ఉన్నాయి. పై పొర గీకేసి, వారం వారం మన్ను తిరగేసి గాలి తగలనివ్వాలి, తడి ఆరనివ్వకూడదు, కాస్త పేడా యూరియా వేయాలి.

“ఇంతేనా? మరి ఈ డబ్బాలెందుకు?” అంది అవ్వ.

నేను అడిగాను. ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. డబ్బాలు లేకపోతే ఈ పనికి మంజూరు ఇవ్వరంది.

ప్రతి శనివారం బడి అయ్యాక మేం తవ్వాం. మొదట అవ్వా నేనూ, తర్వాత పిల్లల తల్లులు కూడా. నా చేతులు బొబ్బలెక్కాయి. అవ్వ మట్టి పిడికెడు తీసి వాసన చూసి, ఈ వారం తగ్గిందనో తగ్గలేదనో తీర్పు చెప్పేది. శాస్త్రవేత్త పరీక్షలు చాలాసార్లు అవ్వ ముక్కుతోనే ఏకీభవించాయి. రెండో వానాకాలం చివర గడ్డి మొలిచినప్పుడు, అవ్వ దాన్ని పీకనివ్వకుండా కర్రలు పాతి కంచె కట్టింది. ఆ గడ్డిని చూసి నాకు ఏడుపొచ్చిందంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడక్కడ శుద్ధి పని విజయవంతంగా పూర్తయిందని హిందీలో ఒక బోర్డు ఉంది. బోర్డు మీద పెద్ద సార్ పేరుంది. బోరింగ్ నీళ్లు ఇంకా తేరుకోలేదు, మట్టికన్నా నీటికి ఎక్కువ కాలం పడుతుందని ఆ పిల్ల ముందే చెప్పింది. ఎర్ర రంగు అలాగే ఉంది. చూసిపోవడానికి వేరే జిల్లాల అధికారులు వస్తుంటారు. దాహమేస్తే కార్లోని సీసా నీళ్లు తాగుతారు. మేము గూడెం నుంచి మోసుకొస్తాం.