బ్లాగు ఆగితే ఖాజా భాయ్ ఇంట్లో ముచ్చట ఆగింది

దోహాలో ఒక్కో వీధి గురించి ప్రతి శుక్రవారం నా బ్లాగులో రాసేదాన్ని. ఆఫీసు పని ఎక్కువై, ఎవరు చదువుతున్నారులే అనుకుని, ఈమధ్య మానేశాను.

ఈ రోజు కరివేపాకు కోసం ఉమ్ ఘువైలినా ప్రాంతంలో నేనెప్పుడూ వెళ్ళే కొట్టుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే జగిత్యాల ఖాజా భాయ్ నన్ను చూడగానే అడిగాడు.

“మేడం, తబియత్ బాగలేదా? బ్లాగు రాస్తలేరు?”

“బాగానే ఉన్నాను. మీరు చదువుతారా?”

“నేను కాదు, ఊర్ల మా బేగం చదువుతది. మీరు రాసిన గల్లీకి పోయి ఆమెకు ఫోన్ల చూపెడుత. ఇప్పుడు ‘తిన్నవా’ అంటే ‘తిన్న’, అంతే, ఫోన్ పెట్టేసుడే. ‘దుబాయ్‌ల గల్లీలు అయిపోయినయా’ అని అడుగుతున్నది. ఆమెకు దోహా అయినా దుబాయే.”

నవ్వొచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. ఇంటికి రాగానే ఆ కొట్టున్న సందు గురించే రాసి పెట్టాను. ఖాజా భాయ్ రోజూ అక్కడి పిల్లులకు పాలు పోస్తాడని కూడా రాశాను.

కాసేపటికి జగిత్యాల నుంచి కామెంటు వచ్చింది: “పిల్లులకు పాలు పోస్తడా? ఇంట్ల ఉన్నప్పుడు నాకు ఒక్కనాడు చాయ్ గూడ పెట్టకపోయె!”

ఈ పూట వాళ్ళు ఫోన్ తొందరగా పెట్టేయరు. మీలో ఇంకెవరైనా చప్పుడు చేయకుండా చదువుతుంటే, దయచేసి ఒక్క మాట అనండి.