నీలం తాడు కట్టిన దిమ్మ

నేను పనిచేసేది ఒక వృద్ధాశ్రమంలో. చనిపోయినవాళ్ళకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి, వాళ్ళ పిల్లలు వచ్చేలోగా సిద్ధం చేయడం నా పనిలో భాగం. అలా ఎంతమందిని సాగనంపానో గుర్తులేదు. ఒక్కరు కూడా వెనక్కి వచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. అందుకే దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మంట. ఈ పరాయి దేశంలో మేం ముందున్న ఊరు టకానినిలో మన తెలుగు ఆంటీలు భోజనాల దగ్గర ఆ కబుర్లు ఎత్తుకుంటే, నేను లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కునేదాన్ని.

ఇప్పుడు ఇది చదివి నన్ను కూడా ఆ ఆంటీల్లో కలిపేస్తే కలిపేయండి. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

టకానిని నుంచి ఇంకా దక్షిణంగా, ఊరికి దూరంగా, కొంచెం భూమి ఉన్న ఇల్లు కొనుక్కుని వచ్చేశాం. ఆ పిచ్చి నాది కాదు, మా ఆయన మాధవది. మా మామగారు బెజవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవరు. ఈయన చిన్నప్పుడు లారీ క్యాబిన్‌లో నిద్రపోయిన రోజులే ఎక్కువట. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా, మీటింగ్ అయిపోగానే గమ్‌బూట్లు తొడుక్కుని, ఎవరి షెడ్డులో ఏ పాత ట్రక్కు తుప్పు పడుతోందా అని చూసి రావడమే పని. ఇంట్లో మనిషితో మాట్లాడేదానికన్నా ఇంజన్‌తో ఎక్కువ మాట్లాడతాడు.

ఆ ఇంట్లో చలికి దిక్కు కట్టెల పొయ్యి ఒక్కటే. హాల్లో గోడ పక్కన ఇనప పెట్టెలా ఉంటుంది, గాజు తలుపుతో. మొదటి చలికాలం ఈయనగారు పచ్చి కట్టెలు తెచ్చి పడేశాడు. మంట లేదు, ఒకటే పొగ. పప్పు తాలింపు పెడుతూ కళ్ళు తుడుచుకున్నది నాకు బాగా గుర్తు.

ఆ పొగ చూసే పక్కింటి కెవిన్ కంచె దాటి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. పగలబడి నవ్వాడు. తన ట్రక్కులో ఎండు కట్టెలు తెచ్చి మా వరండాలో పోసి, ఈ ఏడు కొట్టినవి వచ్చే ఏడు కాల్చాలని చెప్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచి మా ఆయనా అతనూ జట్టు కట్టారు. కెవిన్ చైన్‌సాతో, అంటే మోటారు రంపంతో, దుంగలు కోయడం, ఈయన గొడ్డలితో చీల్చడం, ఇద్దరూ కలిసి ట్రక్కుకెత్తడం. ట్రక్కు కెవిన్‌కి పెళ్ళి కాకముందుదట. దాని హ్యాండ్‌బ్రేక్ మీద ఎవరికీ నమ్మకం లేదు. అందుకని బండి ఆపిన ప్రతిసారీ వెనక చక్రం కింద ఒక చెక్క దిమ్మ పెట్టి, బూటు మడమతో రెండు తన్నులు తన్ని బిగించేవాడు. బాగా పాతబడి నల్లగా అయిపోయిన దిమ్మ. వంగి తీయడానికి అతని నడుం సహకరించడం లేదని వాళ్ళావిడ హెలెన్ దానికి నీలం రంగు తాడు కట్టింది. తాడు పట్టి లాగితే దిమ్మ వచ్చేస్తుంది.

ఆ తర్వాతి చలికాలంలో ఒక మధ్యాహ్నం హెలెన్ అరుపు వినబడి పరుగెత్తాను. వాళ్ళ పెరట్లో కట్టెల వరుసకీ ట్రక్కు వెనక తలుపుకీ మధ్య కెవిన్ ఉన్నాడు. బండి వెనక్కి జారింది. చూడగానే నాకు తెలిసిపోయింది, చేయగలిగిందేమీ లేదని. హెలెన్ ఏడవడం లేదు. "దిమ్మ ఏది? దిమ్మ ఏది?" అని అదే మాట అంటోంది.

దిమ్మ లేదు. చక్రం దగ్గర లేదు, బండిలో లేదు, కట్టెల్లో లేదు. పోలీసులు వెతికారు, మా ఆయన వరుస మొత్తం విప్పి వెతికాడు. వయసు మీద పడింది కదా, పెట్టడం మర్చిపోయి ఉంటాడని అందరూ అనుకున్నారు. ఆ మాట హెలెన్‌కి మింగుడుపడలేదు. "పెళ్ళిరోజు మర్చిపోయేవాడు. నా పుట్టినరోజు మర్చిపోయేవాడు. అది మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు" అని వచ్చినవాళ్ళందరితో వాదించేది. వినీ వినీ జనం రావడం తగ్గించారు.

ట్రక్కు ఆమె పెరట్లోనే గడ్డి మొలిచి నిలబడిపోయింది. ఆమె దాన్ని తుక్కు కింద ఇచ్చేస్తానంటే మా ఆయన ప్రాణం ఆగలేదు. ప్రతి చలికాలం ఆమెకు కావలసిన కట్టెలు మేమే కొట్టి ఇచ్చేట్టు, బండి మేం తీసుకునేట్టు మాట్లాడుకుని వచ్చాడు, నాతో ఒక్క మాట కూడా అనకుండా! ఆ వేళ మా ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"మనిషిని మింగిన బండి అది. మన వాకిట్లోకి ఎలా తెస్తారు?"

"బండి ఏం చేసిందే? బ్రేకు చేసింది. బ్రేకు నేను బాగు చేయిస్తాను."

ఎంత అరిచినా మొండి మనిషి వినలేదు. చివరికి, దసరాకి పూజ చేయనిదే దాని మీద ఒక్క పుల్ల కూడా ఎక్కించడానికి వీల్లేదని నేనే పట్టుబట్టాను. దెయ్యాలను నమ్మకపోయినా పూజ మానేంత ధైర్యం నాకు లేదు.

బాగు చేయించాడు, కాదనను. మెకానిక్ బండిని పైకి లేపి కింద భాగమంతా చూశాడు. తర్వాత ఈయన దాని కింద పడుకుని, నీళ్ళ పైపుతో కడిగి, తుప్పు గీకి, నల్ల రంగు వేశాడు. ఎంత చేసినా పాత బండి పాత బండే, వాలులో నమ్మకండని మెకానిక్ చెప్పి పంపాడు. అందుకని పైన్ చెక్కతో రెండు కొత్త అడ్డుచెక్కలు చేసుకున్నాడు. బండి కింద అప్పుడు ఇంకేమీ లేదన్నది మీరు గుర్తుపెట్టుకోవాలి.

దసరా నాడు ఉదయం మా పాప బడికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. ఇక్కడ ఋతువులు మనకు తలకిందులు, అక్టోబరంటే చలి వెనకపట్టు పట్టే కాలం, వారమంతా వాన. నేల బురద బురదగా ఉంది. బండిని చదునైన చోట ఉంచి పూజ చేసుకుంటే ఏ గొడవా లేకపోను. కానీ మామగారి లారీ ఏనాడైనా తూర్పు ముఖంగానే నిలబడి పూజ చేయించుకుందట. మా పెరట్లో తూర్పంటే ఎగువ, పడమరంటే దిగువ. దిగువన ఏముందనుకున్నారు? మేం పేర్చుకున్న కట్టెల వరుస.

చైన్‌సా, గొడ్డలి, రంపం అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి షెడ్డు గోడకి ఆనించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు ఈయన ఆ అడ్డుచెక్కలు రెండూ తీసేసి, వాటికీ బొట్టు పెట్టి గొడ్డలి పక్కన పెట్టాడు. చక్రానికీ నిమ్మకాయకీ మధ్య ఇంకోటి అడ్డుండకూడదట.

"ఏమండీ, వాలు కదా" అన్నాను.

"గేర్‌లో ఉంది లేవే. నువ్వు హారతి పళ్ళెం పట్టుకురా ముందు."

ఇద్దరం వట్టికాళ్ళతో ఉన్నాం. పూజకి చెప్పులేసుకుంటామా! బురద చల్లదనానికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు. నేను కర్పూరం వెలిగించాను. ముందు పెట్టినట్టే వెనకా బొట్టు పెట్టాలంటూ కుంకుమ భరిణె తీసుకుని వెనక్కి వెళ్ళాడు.

లోపల ఎక్కడో టక్‌మంది. నా ఎదురుగా ఉన్న బండి నా నుంచి దూరంగా జరగడం మొదలుపెట్టింది.

అరవాలని నోరు తెరిచాను. నిమ్మకాయలు చిట్లిన వాసన గుప్పున కొట్టింది. కెవిన్ పడి ఉన్న తీరు కళ్ళ ముందు కదిలింది. అప్పుడు బండి మొత్తం ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

హారతి పళ్ళెం అలాగే పట్టుకుని వెనక్కి వెళ్ళాను. దాన్ని కింద పడేయాలని కూడా తోచలేదు. మా ఆయన కట్టెల వరుసకి వీపు ఆనించి, ఊపిరి బిగపట్టి నిలబడి ఉన్నాడు. బండి వెనక తలుపు ఆయన చొక్కాకి తగులుతోంది. చొక్కాకే, ఒంటికి కాదు. పక్కకి జరిగి బయటికి వచ్చాడు. అప్పుడు పళ్ళెం విసిరేసి, వీపు మీద రెండు చేతులతో కొట్టి కొట్టి ఏడ్చాను. తూర్పూ వద్దు, లారీ వద్దు, ఏదీ వద్దు అని ఏడ్చాను.

ఆయన నన్ను చూడటం లేదు. చక్రం వైపు చూస్తున్నాడు.

"ఆ చెక్క నువ్వు పెట్టావా?"

"నా చేతిలో పళ్ళెముంది కదండీ!"

మా చెక్కలు రెండూ గోడ దగ్గర బొట్టుతో అలాగే ఉన్నాయి. చక్రం కింద ఉన్నది నల్ల దిమ్మ. దానికి నీలం తాడు.

చుట్టూ బురదలో మా పాదాల గుర్తులు ఉన్నాయి, అయిదేసి వేళ్ళతో స్పష్టంగా. దిమ్మ పక్కన మాత్రం బూటు మడమ దిగిన గుర్తు ఒక్కటి ఉంది. లోతుగా, అప్పుడే దిగినట్టుగా. అటు వచ్చిన అడుగులూ లేవు, పోయిన అడుగులూ లేవు.

మా ఆయన తనకు తోచిన కారణాలన్నీ చెప్పాడు. దిమ్మ చాసిస్ సందులో ఇరుక్కుని ఉండి, బండి కదిలేసరికి జారిపడి ఉంటుందన్నాడు. అక్కడ రంగు వేసిన మనిషి తనే కదా, చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. మడమ గుర్తు ముందు రోజుదేమో అన్నాడు. ముందు రోజు రాత్రంతా వాన.

హెలెన్‌కి చెప్పొద్దన్నాడు. నాకు మనసొప్పలేదు. కెవిన్ మర్చిపోయాడని ఊరంతా అన్న మాట మీద ఆమె ఒంటరిగా పోట్లాడుతోంది. దిమ్మ దొరికితే కొంచెమైనా ఊరటగా ఉంటుందనుకున్నాను. నా బుద్ధికి అంతే అందింది.

హెలెన్ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. దిమ్మ ఒళ్ళో పెట్టగానే తాడు చివర వెతుక్కుంది. నైలాన్ తాడు విడిపోకుండా చివర కాల్చి, వేడి మీదే బొటనవేలితో నొక్కానని, వేలు బొబ్బెక్కిందని చెప్పింది. కరిగి గట్టిపడిన ఆ చోట చిన్న గుంట ఉంది. తన వేలు అందులో పెట్టి చూపించింది. సరిపోయింది.

"ఆ రోజు ఇదెక్కడుంది, సుజా?"

నాకేం తెలుసు, ఏం చెప్పను? ఓదార్చాలన్న ఆత్రంలో జరిగిందంతా చెప్పేశాను, బూటు మడమ గుర్తుతో సహా. ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది. కెవిన్ గమ్‌బూట్లు, ఆ రోజు అతని కాళ్ళ నుంచి తీసి పెట్టిన చోటే, తలుపు పక్కనే ఉన్నాయి. రెండు బూట్లకీ కలిపి సాలీడు గూడు కట్టి ఉంది. ఒక్క పోగు తెగలేదు. ఇద్దరం చూశాం.

మా ఆయన ఎలా ఉన్నాడని ఆమె అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మా ఇంటి వైపు, కంచె మీదుగా చూసింది.

"మీ ఇంటి దాకా వచ్చాడు" అంది. "అక్కడి దాకా వచ్చి ఇక్కడికి రాలేదు."

ఊరట ఇద్దామని తెచ్చి ఏం చేతిలో పెట్టానో అప్పుడు అర్థమైంది. ఆమె నా భుజం తట్టి, "ఇంటికి వెళ్ళు. నీకు ఇంట్లో ఆయన ఉన్నాడు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఇదంతా జరిగి ఒక చలికాలం గడిచింది. బండి అమ్మేద్దామంటే ఈసారి ఆయన కాదు, నేనే వద్దన్నాను. ఎందుకో చెప్పలేను. ఇప్పుడది చదును నేల మీదే నిలబడుతుంది, నాలుగు చక్రాలకీ చెక్కలుంటాయి. ఆ దిమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, బూటు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు. దెయ్యాలను నమ్ముతావా అంటే ఇప్పటికీ అవుననలేను. మా ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం, కెవిన్, నీ రుణం తీర్చుకోలేం అని మనసులో అనుకుంటాను.

మాట ప్రకారం హెలెన్‌కి కట్టెలు మేమే ఇస్తున్నాం. మామూలుగా చలికాలమంతా వచ్చే కట్టెలు ఈసారి సగంలోనే అయిపోయాయి. ఏమైందో చూద్దామని జూలై గడ్డు చలిలో వెళ్ళాను. పొయ్యి నిండా మంట ఉంది. ఆమె కోటు వేసుకుని, దుప్పటి కప్పుకుని, దాని ముందు కూర్చుని ఉంది. అయినా ఇల్లు మంచుగడ్డలా ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గాలికి మూసుకుపోకుండా తలుపు కింద ఆ నల్ల దిమ్మ పెట్టి ఉంది.

తలుపు వేయనా అని అడగబోయి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆయనతో, ఇంకో ట్రక్కు కట్టెలు కొట్టమని చెప్పాను.