రంగు పడని మనిషి

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. మాది మిషను చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధనలో పరిశుద్ధాత్మను తప్ప ఇంకే ఆత్మనూ నేను ఒప్పుకున్నది లేదు. ఘాట్ రోడ్డు మలుపులో తెల్లచీర మనిషి లిఫ్టు అడుగుతుందని జీపు డ్రైవర్లు చెబితే, ఆ చీర ఏ కొట్లో కొందో అడక్కపోయారా అనేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. నాకు కోతలు కోసే అలవాటుంది. మా పెరట్లో కాసిన గుమ్మడికాయను నేను వర్ణిస్తే, అది పట్టుకెళ్ళడానికి లారీ మాట్లాడుకుని వచ్చినవాళ్ళున్నారు. ఇదీ కోతే, నిజానికి వాళ్ళొచ్చింది జీపులో. మా ఆవిడ సుగుణ నాకు మేనమామ కూతురు, పుట్టినప్పటి నుంచీ నన్ను ఎరుగును. నేను చెప్పినదాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి వింటుంది. మీరూ అలాగే వినండి. ఒక్క బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేనేమీ పెంచలేదు. పెంచడానికి ధైర్యం చాలలేదు.

తొంభైల చివర్లో నేను అరకులో బోర్డులు రాసేవాణ్ణి. జీపుల వెనక నీతివాక్యాలు, కిరాణా కొట్ల పేర్లు, చర్చి గోడల మీద వచనాలు, అన్నీ నా చేతివే. నేను గీసిన మనిషిని ఎవరైనా గుర్తుపట్టగలరు. ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయి ఉంటుంది. ఎంత సరిచేద్దామన్నా ఆ భుజం పైకి లేవదు. ఏజెన్సీలో అందరూ కావిడి మోసి మోసి అలా అయిపోయారని సర్ది చెప్పుకునేవాణ్ణి.

విజయనగరం వైపు నుంచి సంతలకు వచ్చే చిలక జోస్యం అప్పలస్వామి ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. చేతిలో పంజరం, పంజరంలో రాణి అనే చిలక, మొహం నిండా దిగులు.

"నా కార్డుల్నిండా ఎంకన్నబాబు, లచ్చిందేవి ఉన్నారు బాబూ. ఈ కొండల్లో సర్చికెళ్ళేవోళ్ళు ఎక్కువ. రాణి లచ్చిందేవిని లాగిందంటే మాది కాదని లేచిపోతన్నారు. మిగతావోళ్ళకి ఆళ్ళ కొండదేవతలున్నారు. ఆళ్ళ బొమ్మలు నానెక్కడ తెత్తాను? దేవుడు లేని బొమ్మలు గీసియ్యి. ఎవులికీ కోపం రాకూడదు."

దేవుడు లేని జోస్యం! నాకు ఎక్కడలేని సరదా పుట్టింది. పైగా మా పాస్టరుగారు కూడా వంక పెట్టలేరు.

అదే వారంలో టూరిస్టుల గెస్ట్‌హౌస్‌కి బోర్డు రాస్తుంటే, అక్కడ దిగిన ఒక విదేశీ ఆవిడ వరండాలో బొమ్మల కార్డులు పరుచుకుని కూర్చుంది. టారో అంటారట. వాళ్ళ దేశంలో చిలక లేకుండానే జోస్యం చెబుతారట. ఆవిడ తెలుగూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక వాక్యం కూడా అయ్యేది కాదు. అయినా ఆ మధ్యాహ్నమంతా ఒక్కో కార్డూ చూపించింది. లాంతరు పట్టుకున్న ముసలాయన, పిడుగు పడిన బురుజు, సింహం నోరు మూస్తున్న అమ్మాయి, ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతున్న కుర్రాడు. నేను చూసి చూసి రాత్రికి జ్వరం తెచ్చుకున్నాను. మామూలు జ్వరమే లెండి.

ఆ బొమ్మలన్నిటినీ నేను కొండెక్కించాను. సింహం ఎలుగుబంటి అయింది. బురుజు బదులు పిడుగు పడిన జీలుగు చెట్టు, దాని మీద కల్లుకుండతో సహా ఒకడు. పిచ్చివాడి కార్డుకి, కొండ అంచున వెనక్కి నడుస్తూ ఫోటో తీసుకునే వైజాగు టూరిస్టు. అదృష్టచక్రానికి జీపు స్టెప్నీ. సూర్యుడికి పసుప్పచ్చటి వలిసె పూల చేను. తలకిందుల కుర్రాడి స్థానంలో గబ్బిలం, దానికి అచ్చం అప్పలస్వామి మీసం.

నా పని పద్ధతి ఇక్కడ చెప్పాలి. ముందు వెనకున్నవి వేస్తాను. కొండ, చెట్టు, మంచు. మనిషి నిలబడే జాగాను మనిషి ఆకారంలోనే తెల్లగా వదిలేస్తాను. అంతా ఆరాక, ఆఖర్న మనిషిని నింపుతాను. అందుకని పని సగంలో ఉంటే మా గోడ పొడవునా తెల్లటి మనుషులు ఆరుతూ ఉండేవారు. సుగుణకు అది నచ్చేది కాదు.

"వీళ్ళని బేగి నింపెయ్యి బావా. ఎవరికోసమో సూత్తన్నట్టున్నారు," అనేది.

ఆ టారోలో గుర్రమెక్కిన ఎముకల మనిషి కూడా ఉన్నాడు. వాణ్ణి ఎలా మార్చాలా అని నేను తల గోక్కుంటుంటే అప్పలస్వామి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సావు బొమ్మ వద్దు. సంతకొచ్చినోడు కూరగాయలు కొనుక్కుని నవ్వుకుంటా ఇంటికెళ్ళాల."

సరే, మానేశాను. నక్షత్రానికి ఒకటి చొప్పున ఇరవై ఏడు బొమ్మలు. వార్నిష్ వేసి, ఆరబెట్టి, అతని ఎదురుగానే లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ కార్డులు సంతలో పండగ చేశాయి. ఎలుగుబంటి కార్డు వచ్చిన ముసలమ్మ దాన్ని చూసి అరగంట నవ్వింది. చర్చివాళ్ళూ కూర్చున్నారు, కొండదేవతలకు కోళ్ళు కోసేవాళ్ళూ కూర్చున్నారు. ఎవరికీ కోపం రాలేదు.

తర్వాత డిసెంబరు వచ్చింది. ఒక సంత రోజున మధ్యాహ్నమవుతున్నా మంచు విడలేదు. సుగుణ ప్రభుత్వ నర్సు. సంత రోజున ముంచింగిపుట్టు రోడ్డులోని ఊళ్ళకు పిల్లల టీకాలు పట్టుకెళ్ళి, నీలం డబ్బా భుజాన వేసుకుని మధ్యాహ్నం జీపులో దిగేది. నేను ఆ జీపు కోసం చూస్తూ అప్పలస్వామి చాప మీద కూర్చున్నాను. ఊరికే ఉండలేక, ఏదీ, నా బొమ్మలు నన్నేమని తిడతాయో తీయించు అన్నాను.

రాణి బయటికి వచ్చింది. ఒక్కో కార్డూ ముక్కుతో లాగి పక్కన పడేసింది. ఎప్పుడూ నాలుగైదు లాగి ఒకటి ఇచ్చేస్తుంది. ఆ రోజు అడుగు దాకా వెళ్ళింది. ఆఖరి కార్డును సగం లాగి, వదిలేసి, ఎవరూ చెప్పకుండానే పంజరంలోకి వెళ్ళిపోయింది.

అప్పలస్వామి ఆ కార్డు తిప్పాడు.

నిండా మంచు. అంచున ఒక రాయి. రాయి మీద అవతలికి తిరిగి కూర్చున్న ఆడమనిషి. జడ. దిగిన ఎడమ భుజం. పక్కన నీలం డబ్బా. ఒక కాలికి చెప్పు లేదు, ఆ చెప్పు బోర్లా పడి ఉంది. ఆమె ఎడమ చెయ్యి పక్కకి లేచి ఉంది. ఆ చెయ్యి అందుకున్న చోట ఒక మనిషి ఆకారంలో తెల్ల జాగా, రంగు వెయ్యకుండా వదిలేసి ఉంది.

"ఇదేటి బాబూ? ఇదెప్పుడు గీసినావు?"

"నేను గియ్యలేదు."

"నీ సెయ్యి కాదేటి ఇది? గబ్బిలానికి నా మీసాలెట్టినావు, ఊరుకున్నాను. మళ్ళీ పరాసికాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కుంచె నాదే, భుజం నాదే. గీసిన గుర్తు మాత్రం లేదు. వార్నిష్ లేదు. వేలు పెడితే మంచు రంగు వేలికి అంటుకుంది. పచ్చిగా ఉంది.

అప్పుడే జీపు వచ్చింది. టాపు మీద జనం, లోపల జనం, సుగుణ లేదు. డ్రైవరు గోవిందు నన్ను చూసి స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచేశాడు.

"అదేటి మాస్టారూ, మీరిక్కడున్నారేటి?"

"సుగుణేది?"

"మీరే కదండీ మలుపు కాడ సెయ్యెత్తి జీపాపినారు. అమ్మగారిని దిగమన్నారు. దిగిపోనారు. నాకంటే బేగి ఎలాగొచ్చేసినారు?"

టాపు మీద ఉన్నవాళ్ళను అడిగాను. ‘ఔను, మీరే’ అన్నారు. ఒక్కరు కూడా ‘మీలాంటి మనిషి’ అనలేదు.

నా మొహం చూశాక గోవిందు జనాన్ని దింపి జీపు తిప్పాడు. కార్డు నా చేతిలోనే ఉండిపోయింది. దారంతా హారన్ కొడుతూనే ఉన్నాడు. మంచు గురించి చెప్పాలంటే మామూలుగా నేను నాలుగు పేజీలు చెప్పగలను. ఆ రోజు జీపు బానెట్ కనపడింది, దాని అవతల ఏమీ కనపడలేదు. అంతే.

మలుపు దగ్గర గోవిందు బ్రేకు వేశాడు.

రోడ్డు అంచున రాయి. దాని మీద లోయ వైపు తిరిగి సుగుణ. నీలం డబ్బా, బోర్లా పడిన చెప్పు. ఆమె ఎడమ చెయ్యి, ఎవరో పట్టుకున్నట్టు, పక్కకి లేచి ఉంది. ఆ చేతి పక్కన మంచు మిగతా చోట్ల కన్నా తెల్లగా ఉందని చెబితే మీరు సగం చేస్తారు. చెప్పను.

"సుగుణా!"

ఆమె వెనక్కి చూడలేదు. పక్కకి తిరిగి, ఆ ఖాళీలోకి చూస్తూ అంది.

"ఇక్కడే ఉన్నావు కదా బావా, అంత గట్టిగా అరుత్తావేటి?"

ఆ తర్వాత ఆమె భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. గొంతు వెనక నుంచి వచ్చిందని ఆమెకు తెలిసిన క్షణం అది. లేచి ఉన్న చెయ్యి దభీమని ఒళ్ళో పడింది. నేను వెళ్ళి రెండు భుజాలూ పట్టుకుని రోడ్డు మీదికి లాగాను. రాయికి అవతల నేల లేదు. అడుగున ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఇంటికి వచ్చాక, రెండు గ్లాసుల కాఫీ తాగాక, సుగుణ చెప్పింది. జీపు ఆపింది నేనేనట. నా స్వెట్టరేనట. ‘దిగు’ అన్నానట. రాయి దగ్గరికి తీసుకెళ్ళి ‘కూర్చో’ అన్నానట. చాలాసేపటికి చెయ్యి పట్టుకుని ‘లే’ అన్నానట. లేవబోతే కాలికి చెప్పు లేదు. చెప్పు ఏదీ అని కింద చూస్తుండగా వెనక నుంచి నా కేక వినపడిందట.

"నాకు ముందే అనుమానం రావలిసింది బావా," అంది. "ఒక్క కోత కొయ్యలేదు నువ్వు. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి నువ్వు ఒక్క ముక్కతో ఊరుకున్నది లేదు."

అప్పలస్వామి ఆ సాయంత్రమే కార్డులన్నీ తెచ్చి నాకు ఇచ్చేశాడు. మళ్ళీ లెక్కపెట్టాం. నేనిచ్చినవన్నీ ఉన్నాయి. నా చేతిలో ఉన్నది అదనం. అతను పాత కార్డులకే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు.

"తప్పు నాదే బాబూ. దేవుడు లేకండా గియ్యమన్నాను. జాగా ఖాళీగా ఉంటే ఎవులో ఒకలు వచ్చి కూకుంటారు."

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, ఆ అదనపు కార్డును కాల్చెయ్యమన్నారు. నేను పొయ్యి దగ్గరికి తీసుకెళితే సుగుణ అడ్డుపడింది.

"కాల్చేత్తే ఆడెక్కడుంటాడు? ఆ అట్టలోనే ఉండనీ."

అది ఇప్పటికీ నా రంగుల రేకుపెట్టె అడుగున ఉంది. మంచు రంగు పసుపెక్కింది, నీలం డబ్బా వెలిసింది. తెల్ల జాగా మాత్రం తెల్లగానే ఉంది. ఒకసారి ధైర్యం చేసి, పక్కనున్న సుగుణ బొమ్మతో పోల్చి దాని ఎత్తు చూశాను. నాకంటే ఒక తలంత పొడుగు. సుగుణ అడిగితే నా ఎత్తే అని చెప్పాను. నా జీవితంలో ఒకదాన్ని తగ్గించి చెప్పడం అదొక్కసారే.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. నేను బయటి నుంచి వస్తే సుగుణ వెంటనే తలుపు తీయదు. "ముందు ఒక కోత కొయ్యి," అంటుంది. సంతకు ఏనుగంత పనసకాయ వచ్చిందనో, మిరియాల ఘాటుకు రైలు తుమ్మి పట్టాలు తప్పబోయిందనో నేను చెప్పాలి. అప్పుడు గొళ్ళెం తీస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు ఈ వయసులో ఏం సరసం అనుకునేవారు. మేమూ కొన్నేళ్ళకు నవ్వుకోవడం మొదలుపెట్టాం.

చాలా ఏళ్ళ తర్వాత, ఊళ్ళోకి సెల్‌ఫోన్లు కూడా వచ్చేశాక, ఒక చలికాలం పొద్దున నేను ముందు గదిలో బోర్డు రాసుకుంటున్నాను. కిటికీ అవతల మంచు తప్ప ఏమీ లేదు. పెరటి గుమ్మం దగ్గర సుగుణ గొంతు వినిపించింది.

"ముందు ఒక కోత కొయ్యి బావా."

కుంచె నా చేతిలోనే ఆగిపోయింది.

కాసేపాగి, నవ్వుతూనే మళ్ళీ అంది. "కొయ్యకపోతే తియ్యను."

బయటి నుంచి నాకేమీ వినపడలేదు. ఆమెకు వినపడింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. నేను కూర్చున్నచోట నుంచే, నా గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని, మా గుమ్మడికాయ కథ అరవడం మొదలుపెట్టాను. తీగ కొండెక్కి ఒడిశాలో కాసిందన్నాను. కాయ మాదేనని అక్కడివాళ్ళు ఇవ్వలేదన్నాను. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. సుగుణ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి నా భుజం పట్టుకుంది. పెరటి తలుపు గొళ్ళెం వేసే ఉంది.

"‘తియ్యి’ అన్నాడు," అంది మెల్లగా. "అంతే అన్నాడు."

ఆ ‘అన్నాడు’ ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. నా రూపం ఎందుకు కావాలో, నేను గియ్యని బొమ్మ నా చేతితో ఎలా వచ్చిందో, అది బెదిరించడానికి వచ్చిందో కాపాడడానికి వచ్చిందో, ఏదీ చెప్పలేను. ఆ పొద్దున మాత్రం లారీలు, ఏనుగులు, గుమ్మడికాయలు, నోటికొచ్చినవన్నీ పెంచి పెంచి చెబుతూనే ఉన్నాను. సుగుణ దేన్నీ సగం చెయ్యలేదు. మంచు విడిపోయి, పెరట్లో ఎండ పడి, అక్కడ ఎవరూ లేరని ఇద్దరం చూసేదాకా నేను ఆపలేదు.